మాధవపెద్ది వరస, పిఠాపురం వరస

మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు. సినిమాల్లో హాస్యం పాటలు పాడిన ఈ ఇద్దరి పేర్లనూ మా ఊళ్ళో ఎవరూ విడదీసి పలికేవారు కాదు. "మాధవపెద్ది పిఠాపురం పాట వెయ్యవయ్యా" అని మైకు సెట్టు కుర్రాణ్ణి అడిగేవారు. అడిగినవాళ్ళకు కావలసింది భక్తి కాదు, విరహం అంతకంటే కాదు. పందిట్లో ఉన్న నలుగురూ ఒక్కసారిగా నవ్వాలి, అంతే.

మాది గుంటూరు జిల్లా. తెనాలికీ పొన్నూరుకూ మధ్య కాలువ గట్టు మీద ఊరు. ఆ చుట్టుపక్కల నాటకాల పిచ్చికి కొదవ లేదు. హార్మోనియం వాయించేవాడికి పిల్లనివ్వడానికి వెనకాడేవారు గానీ, వాడి పక్కన నిలబడి ఎవరైనా పద్యం ఎత్తుకుంటే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి వినేవారు.

పెళ్ళి అంటే ముందు మైకు సెట్టు. వేపచెట్టు కొమ్మకు కట్టిన పెద్ద గరాటు, కింద బల్ల మీద గ్రామఫోను, పక్కన చెక్కపెట్టెలో నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లటి రికార్డులు. ఒక వైపు మూడు నిమిషాల పాట. ముల్లు అరిగిందంటే ఎంతటి గాయకుడికైనా జలుబు చేసేది. ఏ వేళకు ఏ పాట వెయ్యాలో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పనక్కర లేదు. తెల్లవారుజామున ఘంటసాల పద్యాలు. విస్తళ్ళు వేయగానే "వివాహ భోజనంబు". రాత్రి విడిది ఇంట్లో మగపెళ్ళివారు దుప్పటి పరిచి పేకముక్కలు పంచుకున్నారని కబురు అందిందో లేదో, గరాటులోంచి "అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే". కబురు అందించడానికి వాడికి మాలాంటి వేగులవాళ్ళు ఉండేవారు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ మండిపడి మనిషిని పంపించాడు: "ఆ పాట ఆపమనండి, ముక్క పడటం లేదు." కుర్రాడు వినయంగా తల ఊపి, ముల్లు ఎత్తి, మళ్ళీ మొదట్లో పెట్టాడు. ఆ రాత్రి పోయిన డబ్బంతా కేవలం ఆ పాట వల్లనే పోయిందని ఆయన చివరిదాకా నమ్మాడు. పాట రాసిన కొసరాజు వింటే ఎంత సంతోషించేవారో!

ఈ జంట పాడిన ఆ పాట 1962లో వచ్చిన "కులగోత్రాలు" చిత్రంలోది. కొసరాజు రాఘవయ్య చౌదరి రచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. ఇదే చిత్రంలో ఘంటసాల, సుశీల పాడిన "చెలికాడు నిన్నే రమ్మని పిలువ" ఉంది. అంత మెత్తటి పాటకు వరస కట్టిన మనిషే పేకాటరాయుళ్ళ ఏడుపుకూ వరస కట్టారు. దీన్ని ఏదో హాస్యం పాట కదా అని తేలిగ్గా వదిలెయ్యలేదు ఆయన. ఆ మొదటి "అయ్యయ్యో" వినండి. అది నాటకాల్లో కాటి సీనులో వినిపించే శోకం. హరిశ్చంద్రుడు ఎత్తుకోవలసిన ఏడుపును జేబు ఖాళీ అయినవాడు ఎత్తుకున్నాడు. నవ్వు పుట్టేది అక్కడే.

దాన్ని పాడటంలో ఉన్న కిటుకు నాకు చెప్పినవాడు మా ఊరి పోస్టుమ్యాన్. ఆయన సంగతికి వస్తాను, ఈ కథలో సగం ఆయనదే. "ఏడవాలి, కానీ ఏడుపు శ్రుతి తప్పకూడదు. శ్రుతి తప్పితే జనం జాలి పడతారు, నవ్వరు" అనేవాడు. ఆ తరవాత హాస్యం పాటల గురించి నేను చాలా చదివాను, విన్నాను. ఇంతకంటే తెలివైన మాట ఎక్కడా కనిపించలేదు. మాధవపెద్ది, పిఠాపురం చేసింది సరిగ్గా ఇదే. గొంతు వణుకుతుంది, మూలుగుతుంది, వెక్కుతుంది, వెటకారం పోతుంది. స్వరం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. హాస్యం పాటే కదా అని ఎవరు పడితే వాళ్ళు పాడి చూశారు. గొంతు మార్చగానే శ్రుతి జారేది, శ్రుతి పట్టుకుంటే నవ్వు జారేది.

ఇంకొకటి, ఈ పాట ఒక్కరు పాడితే చచ్చిపోతుంది. ఓడినవాడు ఒంటరిగా ఏడిస్తే అది విషాదం. పక్కన తనలాంటివాడే ఇంకొకడు కూర్చుని ఓదార్చాలి, ఆశ పెట్టాలి, ఇల్లు తాకట్టు పెట్టయినా మళ్ళీ ఆడదామని ఎగదొయ్యాలి. ఒకరి నోట్లోని మాట ఇంకొకరు లాక్కోవాలి. సత్యం గొంతు బరువుగా కిందికి దిగుతుంటే పిఠాపురం గొంతు చురుగ్గా అందుకుంటుంది. చరణాలు గడిచేసరికి ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఓదారుస్తున్నారో తెలియదు. ఇద్దరూ కలిసి మళ్ళీ ముక్కల దగ్గరికే చేరతారు.

సత్యం 1922లో మా పొన్నూరు దగ్గరి బ్రాహ్మణ కోడూరులో పుట్టారు. అందుకే మా ఊరివాళ్ళకు ఆయన "మనవాడు". సినిమాకు రాకముందు నాటకాలు, పద్యాలు. మైకు లేని రోజుల్లో పద్యం చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడిదాకా చేరాలి. అక్షరం అక్షరంగా చేరాలి. లేకపోతే వాడు లేచి వెళ్ళిపోతాడు. ఆ సాధన ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఎంత వేగంగా పాడినా మాట ముద్ద కాదు.

1957లో "మాయాబజార్" వచ్చింది. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు. ఆయన పాటకు నోరు తెరిస్తే వినిపించినది సత్యం గొంతు. మా ఊళ్ళో సగం మందికి రంగారావే పాడుతున్నాడని గట్టి నమ్మకం. అంత శరీరానికి అంత గొంతు ఉండటంలో వింతేముంది అని వాళ్ళ వాదన. వాదించి లాభం లేదు. అయితే ఆ చిత్రంలోనే కృష్ణుడి రథసారథి దారుకుడిగా స్వయంగా సత్యమే కనిపించి "భళి భళి భళి దేవా" పాడతారు. మా టూరింగ్ టాకీసులో ఆ చిత్రం ఎప్పుడు వచ్చినా, ఆ పాట రాగానే పోస్టుమ్యాన్ నేల తరగతిలోంచి లేచి నిలబడి "అదుగో మన సత్యం!" అని అరిచేవాడు. వెనకవాళ్ళు "కూర్చోవయ్యా" అని కేకలు. ప్రతిసారీ ఇదే తంతు.

ఆ గొంతు ఎక్కడెక్కడ ఒదిగిందో చూడండి. రంగారావు భారీ మనిషి. 1959లో "ఇల్లరికం" చిత్రంలో "భలే చాన్సులే" పాటలో అదే గొంతు రేలంగి వెంకట్రామయ్య బొద్దు బుగ్గల్లోంచి వచ్చింది. 1963లో "చదువుకున్న అమ్మాయిలు" చిత్రంలో స్వర్ణలతతో కలిసి "ఏమిటి ఈ అవతారం" అని మొగుడూ పెళ్ళాల తగువు పాడింది. 1964లో "రాముడు భీముడు" చిత్రంలో "సరదా సరదా సిగరెట్టు" వచ్చేసరికి వెదురు బద్దలాంటి రమణారెడ్డిలోకి దూరింది. పక్కన గిరిజకు జమునారాణి పాడారు. లావు, సన్నం, రాక్షసుడు, ఇల్లరికపు అల్లుడు, పొగతాగే మొగుడు. వీళ్ళెవరికీ గొంతు అతకలేదని అనిపించదు. ఈ పని ఎంత కష్టమో ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. ప్రేమగీతం పాడినవాడికి దండ, హాస్యం పాట పాడినవాడికి చప్పట్లు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

పిఠాపురం నాగేశ్వరరావు సత్యం కంటే ఎనిమిదేళ్ళు చిన్న. 1930లో తూర్పు గోదావరి జిల్లా పిఠాపురంలో పుట్టారు. ఊరి పేరే ఆయన పేరై కూర్చుంది. ఆయన గొంతులో చిలిపితనం ఎక్కువ. సత్యం గొంతు పెద్దమనిషిలా మొదలై అల్లరిలోకి దిగితే, పిఠాపురం గొంతు అల్లరిలోనే పుట్టి పెరిగినట్టు ఉంటుంది. 1968 నాటి "లక్ష్మీ నివాసం" చిత్రంలో ఆయన పాడిన "సోడా సోడా ఆంధ్రా సోడా" వచ్చాక, మా టాకీసులో గోలీసోడా అమ్మే కుర్రాడికి పని తేలికైంది. వాడు సొంతంగా కేకలు వెయ్యడం మానేసి ఆ పాట అందుకునేవాడు. గోలీ లోపలికి నొక్కిన కీచుమనే చప్పుడుతో తాళం వేసేవాడు. చివరికి తెర మీద విషాద ఘట్టం నడుస్తున్నా ఆపేవాడు కాదు.

ఇప్పుడు పోస్టుమ్యాన్ సంగతి. ఆయనా, రైసుమిల్లు గుమాస్తా ఒకాయనా కలిసి మా ఊరి మాధవపెద్ది, పిఠాపురం. గుమాస్తా గోదావరి అవతలనుంచి మిల్లులో పనికి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు. అందువల్ల వరసల పంపకంలో గొడవ రాలేదు. సత్యం గుంటూరు జిల్లావాడు కాబట్టి ఆయన వరస పోస్టుమ్యాన్‌ది. పిఠాపురం తూర్పు గోదావరివాడు కాబట్టి ఆ వరస గుమాస్తాది. గొంతులు చూసి కాదు, జిల్లాలు చూసి పంచుకున్నారు. నిజానికి పోస్టుమ్యాన్‌ది సన్నటి గొంతు, గుమాస్తాది బండ గొంతు. తారుమారు చేసుకోమని హార్మోనియం మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా, ఎవరి జిల్లాను వాళ్ళు వదులుకోలేదు.

శ్రీరామనవమికి రావిచెట్టు దగ్గర తాటాకు పందిరి వేసేవారు. తొమ్మిది రాత్రులూ ఏదో ఒకటి. ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి బుర్రకథ, ఒక రాత్రి తెనాలి నుంచి వచ్చిన సమాజం వారి నాటకం. ఏ కార్యక్రమమైనా మొదలయ్యే ముందు, లేదా తెర వెనక వేషాలు ఆలస్యమై జనం ఈలలు వేస్తున్నప్పుడు, వీళ్ళిద్దరినీ వేదిక ఎక్కించేవారు. పోస్టుమ్యాన్ ఖాకీ చొక్కా విప్పేవాడు కాదు. గుమాస్తా చెవిలో పెన్సిలు తీసేవాడు కాదు. వేషం వేసుకున్నట్టు వాళ్ళకు తెలియదు గానీ, అంతకంటే మంచి వేషాలు ఉండవు. పాటకు ముందు చిన్న మాటల వరస ఉండేది, వాళ్ళే అల్లుకున్నది.

"ఏమండీ బావగారూ, నా పేర మనియార్డరు ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది."

"ఏదీ?"

"నిన్న రాత్రి మీ దగ్గరే పోగొట్టుకున్నాను కదా!"

వెంటనే హార్మోనియం మీద శ్రుతి, "అయ్యయ్యో". ఎన్నేళ్ళు విన్నా జనం ఆ చోట నవ్వేవారు. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళు కూడా రెండో ఏటికల్లా "వచ్చింది" దగ్గరే నవ్వడం మొదలుపెట్టేవారు. హాస్యంలో కొత్తదనం ఉండాలంటారు గానీ, ఆ పందిట్లో నవ్వు తెలిసినదాని కోసం ఎదురుచూడటంలోంచి వచ్చేది.

వాళ్ళిద్దరూ కలిసి ఉన్నప్పుడు "బావా" అంటే "బావా". పాట చెడిపోయిన రోజున మాత్రం "గుమాస్తా గారూ", "పోస్టుమ్యాన్ గారూ". ఆ పిలుపును బట్టి మాకు సంగతి తెలిసిపోయేది. చరణం మధ్యలో ఊపిరి ఎవరు తీసుకోవాలి అన్న దాని మీద ఒకసారి వచ్చిన తగాదాలో, మిల్లుకు రావలసిన ఉత్తరాలన్నీ గుమ్మం బయటే పడేసి వెళ్ళేవాడు పోస్టుమ్యాన్. ఉగాది దాటి, నవమి పందిరికి గుంజలు పాతేదాకా ఇదే వరస. ఆ రోజున మళ్ళీ "బావా, సాధన ఎప్పుడు పెట్టుకుందాం" అన్నాడట. ఎవరు ముందు అన్నారన్నది ఇంకో తగాదా.

రేలంగి, రమణారెడ్డి గురించి కాస్త చెప్పకపోతే ఈ ముచ్చట సగంలోనే ఆగుతుంది. వినిపించే జంట అది అయితే, కనిపించే జంట ఇది. రేలంగి గోదావరి మనిషి, రమణారెడ్డి నెల్లూరు మనిషి. ఒకాయన గుండ్రం, ఇంకొకాయన నిలువుగీత. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, మాట అవసరం లేకుండానే నేల తరగతి నవ్వేది. రేలంగికి పాట కూడా వచ్చు. 1951లో "పాతాళ భైరవి" చిత్రంలో రాజుగారి బావమరిదిగా "వినవే బాల" అని తానే పాడుకున్నాడు. 1955లో "మిస్సమ్మ" చిత్రంలో "ధర్మం చెయ్ బాబూ" అని అడుక్కున్నది ఆయన సొంత గొంతే. ఆ చిత్రంలోనే రమణారెడ్డి అప్పు వసూలుకు వెంటపడే డేవిడు. అడుక్కునేవాడూ, అప్పులవాడూ. ఆ చిత్రం ఎప్పుడు చూసినా, కథను వీళ్ళిద్దరే నడుపుతున్నారని, నాయకుడూ నాయికా మధ్యమధ్యలో వచ్చి పోతున్నారని నాకు అనిపిస్తుంది.

1961లో "వాగ్దానం" చిత్రంలో రేలంగి హరిదాసు. శ్రీశ్రీ రాసిన సీతాకల్యాణం హరికథను ఘంటసాల పాడారు. విప్లవకవి హరికథ రాయడం ఒక విడ్డూరమైతే, హాస్యనటుడు చిరతలు పట్టి అంత హుందాగా నిలబడటం ఇంకొకటి. మా ఊరికి వచ్చే అసలు హరిదాసు గారు ఆ చిత్రం చూసి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున "నిలబడటం బాగానే ఉంది" అన్నారు. ఆయన నోటినుంచి అది పెద్ద మెప్పే. రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. రమణారెడ్డికి ఇంద్రజాలం కూడా తెలుసు. ఆ సన్నటి వేళ్ళు చూస్తే నమ్మడం కష్టం కాదు.

ఈ జంటలన్నీ సినిమాతో పుట్టినవి కావు. మా తాతయ్య దీని మీద పంతంగా ఉండేవాడు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం నడుస్తూ జనం కునుకు తీస్తుంటే కేతిగాడూ బంగారక్కా దిగి తిట్టుకుని, కొట్టుకుని, పాడి, ఆడి వెళ్ళిపోతారు. వాళ్ళకు కథతో పని లేదు. లంకలోనైనా అయోధ్యలోనైనా వాళ్ళు మా ఊరి సంగతులే మాట్లాడతారు. బుర్రకథలోనూ అంతే. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకడు రాజకీయం చెబుతాడు, ఇంకొకడు హాస్యవంత. కథకుడు వీరరసంలో ఊగిపోతుంటే వీడు ఏదో తెలివితక్కువ ప్రశ్న వేసి కిందికి లాగుతాడు. మా జిల్లాలోనే పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెబితే ఏడ్చినవాళ్ళు ఏడుస్తుండగానే నవ్వేవారు.

కొసరాజు ఇవన్నీ చూసి పెరిగిన మనిషి. బాపట్ల దగ్గర అప్పికట్ల ఆయనది, పుట్టింది 1905లో. 1954లో "పెద్దమనుషులు" చిత్రంలో రేలంగి తిక్క శంకరయ్యగా వీధుల్లో పాడుతూ తిరిగితే, ఆ పాటల్లో ఉన్నది పల్లెటూరి భాగోతమే. మరుసటి ఏడు "రోజులు మారాయి" కోసం "ఏరువాకా సాగారో" రాసినదీ ఆయనే. ఏరువాక రాసిన చేతికి పేకాట పాట చిన్నది కాదు. రెండింటికీ ఒకే శ్రద్ధ. పేకాట పాటలో ఇద్దరు ఓడినవాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి వాదులాడించడం ఆయన హాస్యవంత దగ్గర నేర్చుకున్న విద్యే అని నాకు గట్టి నమ్మకం. సత్యం కూడా ఆ గడ్డవాడే. ఒకరు రాస్తే ఇంకొకరికి అర్థం చెప్పనక్కర లేదు. పిఠాపురానికి ఆ యాస, ఆ ఎత్తిపొడుపు గోదావరి నుంచి వచ్చాయి. ఈ మాట రాయకపోతే గుమాస్తా ఆత్మ ఊరుకోదు.

1974 ఎలాంటి సంవత్సరమో ఆ రోజుల్లో రేడియో వార్తలు విన్నవాళ్ళకు గుర్తు ఉంటుంది. ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. జూలైలో ఎస్.వి. రంగారావు. నవంబరులో రమణారెడ్డి. సంవత్సరం తిరిగి మళ్ళీ నవంబరు వచ్చేసరికి, 1975లో, తాడేపల్లిగూడెంలో రేలంగి. రెండేళ్ళు నిండకుండానే మా టాకీసు తెర ఖాళీ అయినట్టు అనిపించింది. మాధవపెద్ది, పిఠాపురం ఉన్నారు. కానీ ఎవరికి పాడతారు? గొంతులు మిగిలాయి, అవి కూర్చునే ముఖాలు పోయాయి. నేపథ్య గాయకుడికి ఉండే ఈ చిక్కు గురించి ఎవరూ రాసినట్టు లేదు. నటుడు పోతే అతని గొంతు కూడా సగం పోతుంది.

దానికి తోడు కాలం మారింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఏ నటుడికి పాడితే ఆ నటుడిలా గొంతు మలచడం మొదలుపెట్టారు. 1976లో "మనుషులంతా ఒక్కటే" చిత్రంలో అల్లు రామలింగయ్యకు "ముత్యాలు వస్తావా" పాడితే అల్లే పాడాడని అందరూ అనుకున్నారు. రాసింది మళ్ళీ కొసరాజు, వరస కట్టింది మళ్ళీ రాజేశ్వరరావు. పాట బ్రహ్మాండంగా ఉంది, కాదనను. నాయకుడికీ హాస్యనటుడికీ ఒక్కడే పాడగలిగినప్పుడు, హాస్యానికని వేరే గొంతులను పిలవాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? పోస్టుమ్యాన్ మాత్రం ఆ పాట విని పెదవి విరిచాడు. "బాగా పాడాడు. కానీ పక్కన గొడవ పడటానికి ఇంకో మగవాడు ఏడీ?" అన్నాడు.

తరవాత టేపు రికార్డర్లు, క్యాసెట్లు. తెనాలిలో ఖాళీ క్యాసెట్టు ఇచ్చి పాటల జాబితా రాసిస్తే నింపి ఇచ్చే దుకాణాలు వెలిశాయి. మా నాన్న రాసిచ్చిన జాబితాలో ఘంటసాల పాటల చివర, క్యాసెట్టులో మిగిలిపోయిన కాస్త చోటులో ఈ జంట పాటలు ఉండేవి. ఆ "మిగిలిన చోటు" వాళ్ళ బతుకంతా అని అప్పుడు తోచలేదు. పాటల పుస్తకంలో వాళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో ఉండేవి. రేడియోలో ఘంటసాల, సుశీల అని చెప్పాక "బృందం" అన్నట్టుగా వీళ్ళను చెప్పేవారు. పిఠాపురం 1996లో పోయారు, సత్యం 2000లో.

మా ఊరి జంట అప్పటికీ పాడుతూనే ఉంది. పోస్టుమ్యాన్ రిటైరయ్యాడు గానీ పాటకు ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు. మిల్లు మూతపడింది గానీ గుమాస్తా చెవిలో పెన్సిలు పోలేదు. పందిరి మాత్రం మారింది. తాటాకు పోయి షామియానా వచ్చింది. తొమ్మిది రాత్రులు మూడయ్యాయి. హార్మోనియం మాస్టారు కూర్చునే చోట డీజే డబ్బాలు పేర్చారు. కమిటీలో కొత్త కుర్రాళ్ళు. మర్యాదగలవాళ్ళే, కానీ తొందర ఎక్కువ. "తాతయ్యా, ఒక్క పాట చాలు, తరవాత డాన్సులున్నాయి" అన్నారు.

నేను ఆ ఏడు సెలవు పెట్టుకుని వెళ్ళాను. వేదిక కింద మొదటి వరసలో హార్మోనియం మాస్టారు పక్కన కూర్చున్నాను. చూపు మందగించి ఆయన వాయించడం మానేశారు, వినడానికే వచ్చారు. మనియార్డరు ముక్క అయింది, నవ్వవలసినవాళ్ళు "వచ్చింది" దగ్గరే నవ్వారు. కీబోర్డు వాయించే అబ్బాయి ఏదో శ్రుతి ఇచ్చాడు. "అయ్యయ్యో" అని బరువుగా కిందికి దిగింది ఒక గొంతు. మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు. దిగినది గుమాస్తా. చురుగ్గా, సన్నగా అందుకున్నది పోస్టుమ్యాన్. ఇన్నేళ్ళ తరవాత జిల్లాలు మార్చుకున్నారు! చెప్పాపెట్టకుండా, ఆ ఒక్క పాటకు. పాట అసలు రికార్డు పక్కన పెట్టి పోల్చుకునేంత బాగా వచ్చింది. జనంలో ఎవరికీ తేడా తెలియలేదు. డీజే కుర్రాడు వైర్లు సర్దుకుంటున్నాడు.

మెట్లు దిగుతుంటే మాస్టారు ఎదురెళ్ళి "నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదయ్యా" అన్నారు. పోస్టుమ్యాన్ ఆయన మాట వినిపించుకోలేదు. గుమాస్తా వైపు తిరిగి కళ్ళెర్రజేశాడు.

"రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారండీ, గుమాస్తా గారూ?"

"మీరు తీసుకునే చోటే తీసుకున్నానండీ, పోస్టుమ్యాన్ గారూ. ఇన్నేళ్ళూ మీరు తప్పు చోట తీసుకుంటున్నారు, అది నాకు ఇప్పుడు తెలిసింది."